బిగించిన బ్రేకు

ఆఫీసువాళ్లతో రిజర్వాయరులో చేపల వేటకి వెళ్లి తమ్ముడు అవినాష్ మునిగి చనిపోయిన ఆదివారం, మూసాపేటలోని ఇంట్లో వాసంతి తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతోంది. తమ్ముడి ఆఫీసు నుంచి ఫోను చేసిన మనిషి, "యాక్సిడెంట్ మేడమ్" అన్నాడు. తరవాత అందరూ అదే మాట అన్నారు. నానక్‌రామ్‌గూడలోని ఆ ఆఫీసులో సంతాపసభ పెట్టినప్పుడు టీం లీడు గిరీష్ ఇంకో మాట కలిపాడు. "కొంచెం కేర్‌లెస్‌గా ఉన్నాడు."

చేప ముల్లులా ఆ మాట ఆమె గొంతులో ఇరుక్కుంది.

అజాగ్రత్తా? వాడా? వేటకి వెళ్లే పడవకి డౌన్‌రిగ్గర్ అనే గాలం దించే యంత్రం కొత్తగా వచ్చినప్పుడు దాన్ని ఇంటికి తెచ్చి, బాల్కనీ రెయిలింగుకి బిగించి, స్టీలు తీగకున్న సీసపు గుండును నాలుగో అంతస్తు నుంచి కిందికి దించుతూ సాధన చేసినవాడు! కింద బట్టలారేస్తున్న సత్తెమ్మ తలెత్తి అరిచింది.

"ఏంది బాబూ గిది? నా నెత్తి మీద పడితే దవాఖానకి ఎవలు తీస్కపోతరు?"

"పడదు సత్తెమ్మా, బ్రేకుంది!"

ఆ తరవాత అక్కకి పాఠం చెప్పాడు. పడవ మెల్లగా నడుస్తుంటే ఆ గుండు గాలాన్ని చేపలుండే లోతుకి తీసుకుపోతుంది. చేప లాగగానే గాలం తాడు క్లిప్పులోంచి ఊడొస్తుంది, ఇక గుండు బరువుతో పనిలేదు. "బ్రేకు మాత్రం కాస్త వదులుగా ఉండాలక్కా. గుండు నీటి అడుగున మునిగిన చెట్టుకి చిక్కుకుంటే తీగ జారాలి. బిగించేస్తే ఇటు పడవ లాగుతుంది, అటు చెట్టు పట్టుకుంటుంది. అప్పుడు పడవ ముందుకి లాగకుండా ముందు ఇంజను న్యూట్రల్‌కి తేవాలి. తీగని చేత్తో పట్టుకోకూడదు. తీగ తెంచే కటర్ పక్కనే ఉండాలి."

పెద్దకర్మ నాడు ప్రశాంత్ వచ్చాడు. అదే ఆఫీసు; ఆ రోజు అవినాష్, గిరీష్‌లతో పాటు పడవలో ఉన్న మూడోవాడు. భోజనానికి కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

"లోతు చూపే డబ్బా మోగుతనే ఉండె అక్కా, కింద చెట్లున్నయని. గిరీష్ అన్న పడవ నడుపుకుంట క్లయింట్ కాల్‌ల ఉండె. డిస్టర్బ్ అయితుందని మోత ఆపేసిండు. గుండు చెట్టుకి తట్టుకుంది. తీగ జారుతుంటే కిర్రుకిర్రుమంటుందని బ్రేకు గూడ బిగించిండు. అవినాష్ న్యూట్రల్, న్యూట్రల్ అని మొత్తుకుంటే, వేలు లేపి ఒక్క నిమిషం అన్నడు."

"తరవాత?"

"పడవ ఎనక భాగం మునుగుతుండె. అవినాష్ కటర్ తీస్కొని వంగిండు. పడవ ఒరిగింది. లైఫ్ జాకెట్ తీగకి చిక్కి, తీగ వాన్ని లోపటికి గుంజుకపోయింది." చెప్పుల్లో కాళ్లు పెడుతూ అన్నాడు. "ఆఫీసుల దినమంత అలారాలు మోగుతయి అక్కా. మ్యూట్ జేసి పని జేసుకుంటం. అలవాటైపోయింది."

"నువ్వేం చేశావు?"

ప్రశాంత్ తల వంచుకున్నాడు.

ఆ శుక్రవారం ఆఫీసు వెనక పార్కింగులో, ట్రైలర్ మీద అదే పడవ ఉందని ప్రశాంతే ఫోను చేశాడు. మర్నాడు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లతో మళ్లీ చేపల వేటకి బయల్దేరుతున్నారట. వాసంతి బడి నుంచి నేరుగా వెళ్లింది.

"చేప పడితే ఫ్రై, పడకపోతే బిర్యానీ!" అంటున్నాడు గిరీష్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఓ పక్కన నిలబడ్డ ప్రశాంత్ తప్ప. లైఫ్ జాకెట్ వేసుకుని చూస్తున్న రసజ్ఞ అనే కొత్తమ్మాయి మాత్రం అడిగింది.

"సర్, పోయిన ట్రిప్‌లో ఏమైంది?"

"అదా... తీగని చేత్తో పట్టుకున్నాడమ్మా. మీరలా చేయొద్దు."

"పట్టుకోలేదు" అంది వాసంతి.

అందరూ తిరిగారు. ఆమె ఎవరో గిరీష్‌కి తెలుసు.

ఆమె పడవ వెనక్కి వెళ్లి గుండును పట్టుకుని బలంగా లాగింది. తీగ కదల్లేదు.

"ఇంకా బిగించే ఉంచారు. వీళ్లనీ ఇలాగే తీసుకెళ్తారా?" అంటూ బ్రేకు తిప్పి వదులు చేసి మళ్లీ లాగింది. తీగ కిర్రుమంటూ జారింది. "ఈ చప్పుడే కదండీ మీకు అడ్డమొచ్చింది?"

"మేడమ్, ప్లీజ్. హెచ్ఆర్‌తో కూర్చుని మాట్లాడదాం."

"హెచ్ఆర్ పడవలో లేదు. మీరున్నారు. మోత ఎవరు ఆపారో వీళ్లకి చెప్పండి."

అతని ఫోను మోగింది. చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది. రెండో చెయ్యి వేలెత్తి చూపించింది. "ఒక్క నిమిషం, మేడమ్..."

"ఆ వేలు దించు."

ఆమె అరవలేదు. నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు అది. వేలు దిగింది.

"నా తమ్ముడు అరుస్తుంటే చూపించిన వేలది. కేర్‌లెస్ అన్నావు. వాడి ఫొటో ముందు నిలబడి అన్నావు."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. గిరీష్ ప్రశాంత్ వైపు చూశాడు. ప్రశాంత్ ఈసారి తల వంచలేదు.

"అక్క చెప్పేది నిజమే అన్నా. నేను చూసిన."

రసజ్ఞ జాకెట్ విప్పి పడవలో పెట్టి వెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు కదిలారు.

శనివారం పడవ కదల్లేదు. మోత ఆపిందీ బ్రేకు బిగించిందీ తనేనని గిరీష్ ఇంకా చెప్పలేదు.