నిర్వహణ ఖర్చు సున్నా

బ్యాటరీలకు నీళ్లు పోయడమంటే పసిపిల్లకు పాలు పట్టడమే. ఎక్కువైతే కక్కుతాయి, తక్కువైతే పస్తుంటాయి. నాలుగేళ్లుగా వారం వారం ఆ పని ఆమెదే. మేడ మీద కరెంటు తీసే గాలిమర ఉందే, దాన్ని నిలబెట్టిన తీగలు వదులైతే స్పానరుతో బిగించేదీ ఆమే, మరను కిందికి వంచినప్పుడల్లా రెక్కల మీది రెట్టలు తుడిచేదీ ఆమే, గాలి ముదిరితే పిండి చేతులతోనే పరుగెత్తి తాడు లాగి మర ఆపేదీ ఆమే. "అమ్మాయ్, గాలి లేచింది!" అని అత్తగారు మంచం మీంచి ఒక్క కేకేస్తే చాలు. మొగుడు మాత్రం కుర్చీలోంచి కదలడు. "నీకు అలవాటైపోయిందిగా" అంటాడు. అలవాటట! ఆడదాని మెడకు కట్టే పలుపుతాడుకు ఎంత ముద్దుపేరో చూడండి.

ఆ మరకు పెట్టిన డబ్బులో సగం ఆమెదే. పదకొండేళ్లు కాళ్లతో కుట్టుమిషను తొక్కి, వీధి వీధంతటి బట్టలూ కుట్టి, మోటారు మిషను కొనుక్కుందామని దాచుకున్నది. "నాలుగైదేళ్లు ఓపిక పట్టవే. పెట్టుబడి తిరిగొచ్చిన రోజే నీ మోటారు మిషను. మన గాలితోనే తిరుగుతుంది" అని మొగుడు గడ్డం పట్టుకుని బతిమాలాడు. మోకాళ్లు కలుక్కుమన్నప్పుడల్లా ఆ మాటనే తైలంలా రాసుకుంది, పిచ్చిది.

ఆ సాయంత్రం పక్కవీధి మేస్త్రి వచ్చాడు. అతనూ ఒక మర పెట్టించుకుందామనుకుంటున్నాడు. ఆమె టీ తెచ్చేసరికి మాటలు జోరుగా ఉన్నాయి.

"కంపెనీవాడు నాకు తొమ్మిదేళ్లన్నాడండీ. మీకు నాలుగేళ్లకే ఎలా తిరిగొచ్చింది?"

"అదే కిటుకు!" అంటూ మొగుడు కాగితం పరిచాడు. "ఇది నా పెట్టుబడి. ఇది ఆదా అయిన కరెంటు బిల్లు. పోయిన నెలకే లెక్క తీరిపోయింది. రెండో మరకు బయానా కూడా ఇచ్చేశా."

పోయిన నెలకే! నెల రోజులుగా ఆమె వడ్డించింది తింటూ, ఆమె మొహం చూస్తూ, ఒక్క ముక్క బయటపెట్టలేదు. పైగా 'నా' పెట్టుబడట.

మేస్త్రి కాగితం మీద వేలు పెట్టాడు. "నిర్వహణ దగ్గర సున్నా చుట్టారేంటి? దానికో మనిషిని పెట్టాలటగా?"

"మనిషెందుకయ్యా? మా ఆవిడ ఉందిగా!"

మగవాళ్లిద్దరూ నవ్వారు. మంచం మీద అత్తగారూ నవ్వింది.

ఆమె ఆ సున్నాని చూసింది. ఎంత గుండ్రంగా చుట్టాడో! నాలుగేళ్ల ఎండా, వానా, బ్యాటరీ నీళ్లకు పొక్కిన వేళ్లూ, మాడిపోయిన కూరలకు తిన్న చీవాట్లూ అన్నీ అందులో ఇమిడిపోయాయి. రెక్కలు ముక్కలు చేసుకున్నది తను. లెక్కకొచ్చిన రెక్కలు మాత్రం మరవి.

అంతలో కిటికీ తలుపులు టపటపా కొట్టుకున్నాయి. మేడ మీద మర గుయ్యిమంది.

"అమ్మాయ్, గాలి లేచింది!"

ఆమె కదల్లేదు. ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. మిగిలిన టీ తనకు పోసుకుంది.

"కూర్చున్నావేంటే? రెక్కలు విరుగుతాయి! ఆ తాడు ఎటు లాగాలో నాకేం తెలుసు?" మొగుడు లేచి నిలబడ్డాడు.

ఆమె బొడ్లో దోపుకున్న స్పానరు తీసి, సరిగ్గా ఆ సున్నా మీద పెట్టింది.

"రేపు ఆ బయానా వెనక్కి తెండి, నా మిషను కొనుక్కోవాలి. మర సంగతంటారా, సున్నా మెట్లెక్కదండీ. మీరే ఎక్కండి."