రాజకుమారుడి వేషం

వరంగల్లు మట్టెవాడలోని ఒక హైస్కూలులో, పంతొమ్మిది వందల నలభై ఆరులో, వార్షికోత్సవానికి నాటకం సిద్ధమవుతోంది. ముసలమ్మలు పిల్లలకు తరతరాలుగా చెప్పే కథే అది. రాజకుమారుడు రెక్కల గుర్రమెక్కి సముద్రాలు దాటి, చిలుకలో దాగిన రాక్షసుడి ప్రాణం తీస్తాడు. చివర మంత్రి అతనికి కిరీటం పెట్టి, వంగి దండం పెడతాడు.

నాటకం నేర్పే కరీముద్దీన్ మాస్టారు రాజకుమారుడి వేషం ఎల్లస్వామికిచ్చాడు. అంత చక్కగా పద్యం చదివే గొంతు ఆ బడిలో మరొకటి లేదు. అయితే అతని తండ్రి పోశయ్య చెప్పులు కుట్టేవాడు. మంత్రి వేషం బట్టల వ్యాపారి పాండురంగం కొడుకు మల్లికార్జున్‌ది.

బడికి తెరలిచ్చిన దాత గనుక పాండురంగం రిహార్సల్‌కు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. గుర్రం ఎగిరితే చప్పట్లు కొట్టాడు. చిలుక మాట్లాడితే మురిసిపోయాడు. ఇన్ని వింతలు మింగిన ఆ మహానుభావుడికి, కొడుకు నడుము వంచడం మాత్రం గొంతు దిగలేదు. కిరీటం తన కొడుక్కే పెట్టాలనీ, ఎల్లస్వామి మొహానికి రాక్షసుడి వేషం చాలుననీ తీర్పు చెప్పాడు. సమానత్వం మీద గంటసేపు ఉపన్యసించగల హెడ్మాస్టరు వీరభద్రంగారు వెంటనే సరేనన్నారు. పాఠకులారా, ఇటువంటి పెద్దమనుషులను మీరూ ఎరుగుదురు. వారి వెన్నెముక డబ్బున్నవాడి ముందు మాత్రమే మెత్తబడుతుంది.

ఎల్లస్వామి ఏడవలేదు. "రాక్షసుని వేషమైనా వేస్త సార్. కని నా మొఖానికి అదే సరిపోతదని మీరు గూడ అంటరా?" అని అడిగాడు.

మాస్టారు తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లి వేషాలు మార్చనని చెప్పాడు. అలాగైతే ఉద్యోగం మీద ఆశ వదులుకోమన్నారు ఆయన.

నాటకం నాడు పాండురంగం తెరలు విప్పించుకుపోయాడు. కొడుకును ఇల్లు కదలనివ్వలేదు. తెరలు లేకుండానే నాటకం సాగింది. చివరి ఘట్టానికి మంత్రి లేడు. కరీముద్దీన్ తానే వేదిక ఎక్కి, ఎల్లస్వామి తలమీద అట్ట కిరీటం పెట్టి, నడుము వంచి సలాం చేశాడు. గోడ పక్కన నిలబడి చూస్తున్న పోశయ్య తువాలుతో మొహం కప్పుకున్నాడు.

మరునాడు మాస్టారి ఉద్యోగం పోయింది. బజారులో ఎదురుపడ్డ పాండురంగం నలుగురూ వినేలా, "చెప్పులు కుట్టెటోని పొల్లగానికి సలాం కొడితివి. ఏం మిగిలింది మాస్టర్ సాబ్?" అన్నాడు.

కరీముద్దీన్ నెమ్మదిగా చెప్పాడు. "నేను వాని విద్యకు సలాం చేసిన, సేట్ సాబ్. నాకు సిగ్గేం లేదు. పుట్టుకను చూసి మనిషికి విలువ కట్టెటోడు ఎంత పెద్ద కుర్చీల కూసున్నా చిన్నోడే."