నాలుగో మెట్టు మీద హెల్మెట్

గుండె జబ్బు వంటింట్లో పుట్టిందని వైద్యమండలి తేల్చింది.

మూడో అంతస్తు గదిలో పొడవాటి బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు: అధ్యక్షుడు, డాక్టరు, నిధుల అధికారి. ఇవతల రెండు కుర్చీల్లో ఏనుగూ అతని భార్యా. ఏనుగు అతని అసలు పేరు కాదు. అగ్నిమాపక దళంలో చేరిన కొత్తలో, ఇద్దరు పట్టుకోవలసిన నీళ్ల గొట్టాన్ని ఒక్కడే చంకలో ఇరికించుకుని మండుతున్న గోదాము ముందు నిలబడినందుకు తోటివాళ్లు పెట్టిన పేరు. ఇప్పుడతని చొక్కాలో ఇంకో మనిషి పట్టేటంత చోటుంది.

ప్రశ్నలు అతన్ని అడగలేదు, ఆమెను అడిగారు. కూరలో నూనె ఏపాటి పోస్తావన్నారు. ఉప్పు చెంచాతో వేస్తావా, చేతికొద్దీ వేస్తావా అన్నారు. మామగారు దేనితో పోయారు, ఇంట్లో మాటామాటా పెరుగుతుంటుందా అని అడిగారు. ఆమె అన్నిటికీ నిజమే చెప్పింది. చెబుతున్నకొద్దీ తాను సాక్షిగా కాక ముద్దాయిగా కూర్చున్నట్టు ఆమెకు తోచింది. పొగ గురించి ఎవరూ అడగలేదు. నిద్రలో గంట మోగగానే పరుగెత్తే గుండె గురించీ, కాలిన రంగుడబ్బాల మధ్య నుంచి వచ్చాక రెండు రోజులు నల్లగా ఉమ్మే మనిషి గురించీ ఎవరూ అడగలేదు.

అధ్యక్షుడు మంచివాడిలాగే మాట్లాడాడు. "చూడమ్మా, పోయినేడు ఫిట్‌నెస్ పరీక్షలో మీ ఆయన టవరు మెట్లు అందరికన్నా ముందు ఎక్కాడు. అంతకుముందేడూ అంతే. జబ్బు గుండెతో అలా ఎక్కగలడా? కాబట్టి డ్యూటీలో ఉన్నంతకాలం జబ్బు లేదు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాక వచ్చింది. ఇంట్లో వచ్చిన జబ్బుకు మేం పింఛనెలా ఇస్తాం?"

ఆ తర్కంలో లోపం లేదు. లోపమంతా అది నిలబడిన ఆధారంలో ఉంది. ఆ సంగతి గదిలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు.

లిఫ్టు పనిచేయడం లేదు. దిగుతూ దిగుతూ అతను ఒక మలుపు దగ్గర మెట్టు మీదే కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుంది. వాళ్లుండే గది మొదటి అంతస్తులో. బయటి మెట్లెక్కి పోవాలి. రెండేళ్లుగా అతను రోజూ నాలుగో మెట్టు దగ్గర ఆగుతాడు. చెప్పు పట్టీ సవరించుకుంటున్నట్టు వంగుతాడు. ఆమె పైమెట్టు మీద నిలబడి చేతిసంచి సర్దుకుంటున్నట్టు అటు తిరుగుతుంది. అతనికి ఊపిరి అందాక మళ్లీ ఎక్కుతారు. ఒకరి నటన ఒకరికి తెలుసు. తెలిసినట్టు ఏనాడూ చెప్పుకోలేదు.

"ఏమయ్యా, ఇంటి మెట్లు నాలుగెక్కి చెప్పు సవరించుకునేవాడివి," అందామె. "టవరు అందరికన్నా ముందెక్కావా?"

"నా హెల్మెట్ ఎక్కింది," అన్నాడతను.

తర్వాత, ఊపిరి చిక్కినప్పుడల్లా కాస్త కాస్తగా, మిగతాది చెప్పాడు.

మండే ఇంట్లోకి గొట్టం మోసుకుపోయేటప్పుడు ముందున్నవాడు అలసిపోతే వెనకవాడు అడగకుండానే తన భుజం దూరుస్తాడు. దాన్ని వాళ్లు భుజం మార్చడం అంటారు. ఎవడూ తాను అలసిపోయానని నోటితో అనడు, ఎవడూ అనిపించడు. ఈ మర్యాదే పరీక్షలోకీ వచ్చింది. ఏటా ఒకసారి దళమంతా గాలి సిలిండరు వీపున కట్టుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని డ్రిల్ టవరు ఎక్కాలి. మాస్కు వెనక ముఖం కనబడదు. కింద నిలబడ్డ అధికారి హెల్మెట్ మీది అంకె చూసి టిక్కు పెడతాడు. ఎక్కలేనివాడు అన్‌ఫిట్. అన్‌ఫిట్ అయినవాడికి ఇంటిదారే తప్ప పింఛను లేదు. అందుకని గుండె బలహీనపడినవాడి హెల్మెట్ గట్టివాడొకడు పెట్టుకుని ఇంకోసారి ఎక్కుతాడు. జాలితో మొదలైంది, ఆనవాయితీ అయింది. దాన్నీ భుజం మార్చడమనే అన్నారు.

"నీ బదులు ఎక్కిందెవరు?"

"చెప్పను. చెబితే వాడి ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే నువ్వు పోతావు."

"నేనెలాగూ పోతాను," అన్నాడతను. తప్పిపోయిన బస్సు గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీలు మారే వేళ ఆమె స్టేషన్‌కు వెళ్లింది. దళంలో కుర్రాళ్లందరికీ ఆమె వదినే. చిరిగిన యూనిఫారాలు ఆమె దగ్గరికే కుట్టుకు వస్తాయి. ఎవడి చొక్కా నడుము దగ్గర వదులు చేసిందో, ఎవడిది బిగించిందో ఆమెకు తెలుసు. ఈమధ్య బిగించినవే ఎక్కువ. గొట్టాలు ఆరబెట్టే షెడ్డులో, పైనుంచి వేలాడుతూ నీళ్లు కారుతున్న గొట్టాల మధ్య అందరూ పోగయ్యారు. మండలి చెప్పిన మాట చెప్పి, తన మొగుడి హెల్మెట్ ఎవరు పెట్టుకున్నారని ఆమె అడిగింది.

నిచ్చెన అని అందరూ పిలిచేవాడు ముందుకొచ్చాడు. పొడుగు మనిషి, నిచ్చెన ఎక్కడంలో కోతిని మించినవాడు. ఏనుగు చేతికింద పని నేర్చినవాడు.

"నేనే వదినా. రెండేళ్లూ నేనే."

"ఎంత పరుగున ఎక్కావయ్యా?"

"అన్న పేరు కిందికి పోకూడదని..." అని ఆగిపోయాడు. అతను మనసుపెట్టి చేసిన మేలు ఎక్కడ తగిలిందో అప్పుడర్థమైంది. తల దించుకున్నాడు.

వెనకనుంచి ఒకడు వాతావరణం తేలిక చేద్దామని, మన స్టేషన్ మహా ఆరోగ్యవంతమైంది వదినా, ముగ్గురం ఎక్కుతాం, దళమంతా ఫిట్ అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరూ రొమ్ము మీద చెయ్యి వేసుకుని నవ్వారు.

సంఘం కార్యదర్శి నింపాదిగా మాట్లాడాడు. మరో వినతిపత్రం ఇద్దామన్నాడు. పైవాళ్లతో తనకు మాటుందన్నాడు. పరీక్ష సంగతి మాత్రం బయట పొక్కకూడదన్నాడు. పొక్కితే మోసం కింద అందరినీ తీసేస్తారని, అప్పుడు సంఘమూ ఉండదని లెక్చరు సాగించాడు. సగంమంది తలలూపారు. ఆ తలలూపినవాళ్లు పిరికివాళ్లేమీ కారు. మంటలోకి వెళ్లడానికి వెనకాడనివాళ్లే. కానీ మంట ఇంటద్దె అడగదు.

అసలు మాట అన్నది డ్రైవరు. దళంలో అందరికన్నా పెద్దవాడు. జేబులో పిప్పరమెంటు బిళ్లలతోపాటు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంచుకుంటాడు. రెండింటినీ ఒకేలా చప్పరించి జనాన్ని మభ్యపెడతాడు.

"చెల్లెమ్మా, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నీకు నీ మొగుడి పింఛను కావాలి. మాకు మా ఉద్యోగాలు కావాలి. నీ ఒక్క ఇంటి కోసం ఇన్ని ఇళ్ల పొయ్యిలు ఆర్పమంటావా?"

ఆమెకు కోపం వచ్చింది గాని గొంతు పెంచలేదు. "అన్నా, ఆయన బదులు మెట్లెక్కారు, సరే. ఆయన బదులు చావగలరా? మీరు మోసింది ఆయన్ని కాదు, ఆయన జబ్బుని. మోసుకెళ్లి వాళ్లకు కనబడకుండా దాచిపెట్టారు. వాళ్లకు కావలసిందీ అదే. జబ్బుందని చెబితే అన్‌ఫిట్, పొమ్మంటారు. చెప్పకపోతే ఫిట్, జబ్బే లేదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండూ తవ్వినవాళ్లను వదిలేసి, నన్నెందుకయ్యా అడ్డుకుంటారు?"

"తవ్వినవాళ్లు మన మాట వింటారా?" అన్నాడు డ్రైవరు.

"ఒక్కడు చెబితే వినరు," అన్నాడు నిచ్చెన.

ఇంతలో గంట మోగింది. అందరూ పరుగెత్తారు. డ్రైవరు కూడా. ఆమె ఖాళీ షెడ్డులో, తడి నేల మీద నిలబడిపోయింది. ఏదీ తేలలేదు.

ఆ సంగతి ఏనుగు చెవిన పడింది. సాయంత్రం, వాళ్లను బతిమాలావా అని భార్యను అడిగాడు. తిట్టానందామె. అతను కొంచెం నవ్వాడు. "బతిమాలితే సిగ్గుపడేవాళ్లు. తిట్టావు గనక ఆలోచిస్తారు," అన్నాడు. మండలి పైన ఇంకో మండలి ఉందనీ, అక్కడ మళ్లీ విచారణ అడగవచ్చనీ ఎవరో చెప్పారు. అడిగారు. తేదీ వచ్చేలోగా అతని కాళ్లు వాచాయి.

ఒక మధ్యాహ్నం అతనికి వీధిలో ఎండపొడన కూర్చోవాలనిపించింది. కూర్చున్నాడు. వచ్చేపోయే బళ్లు చూశాడు. తిరిగి ఎక్కేటప్పుడు నాలుగో మెట్టు దగ్గర ఆగి, చెప్పు పట్టీకి వంగాడు. ఆమె పైమెట్టు మీద అటు తిరిగి, సంచి సర్దుకుంటున్నట్టు నిలబడింది. రెండేళ్ల అలవాటు ప్రకారం అతనికి ఇవ్వవలసిన వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధి ఎంతకీ పూర్తి కాలేదు. ఆమె వెనక్కి తిరిగేసరికి అతను గోడకు తల ఆన్చి కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి చెప్పు మీదే ఉంది.

తిరిగి చూస్తే అతని మర్యాద పోతుందని చూడలేదు. ఆ మర్యాద వల్ల ఆఖరి నిమిషంలో అతని పక్కన ఎవరూ లేకపోయారు. షెడ్డులో ఏ తప్పుకు మగవాళ్లను నిలదీసిందో, ఆ తప్పే తన ఇంటి మెట్ల మీద తానూ చేస్తూ వచ్చిందని ఆమెకు ఆ పూట తెలిసింది.

డ్యూటీలో పోయినవాడు కాడు గనక దళం తరఫున వందనం ఉండదని కబురొచ్చింది. దళమే వచ్చింది. ఏనుగును భుజాల మీద ఎత్తుకున్నారు. మనిషి తగ్గినా బరువు తగ్గలేదన్నాడొకడు. ఏనుగు పడినా గుర్రమంత ఎత్తయ్యా అన్నాడు ఇంకొకడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. దారి పొడుగునా భుజాలు మారాయి, అడగకుండానే, అలవాటు చొప్పున.

డ్రైవరు వంతు వచ్చింది. నలభై అడుగులు వేశాడో లేదో అతని పెదవులు నీలమయ్యాయి. వెనకవాడు భుజం దూర్చబోయాడు. డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగరా. ఊరికే మార్చకు. ముందు నన్ను చెప్పనీ."

మోసేవాళ్లు ఆగారు. వీధి మధ్య, దుకాణాలవాళ్లు చూస్తుండగా, అందరూ వినేలా అన్నాడు: "నాకు గుండె నొప్పి. మూడేళ్లుగా ఉంది. నేను మొయ్యలేను."

అని, తప్పుకుని రోడ్డు మీద చతికిలబడ్డాడు. అప్పుడు వెనకవాడు భుజం ఇచ్చాడు. ఆ మాట దళంలో ఒకడు నోటితో అనడం అదే మొదలు. నడుస్తూ నడుస్తూ ఇంకొకడు, నాకూ అన్నాడు. మరికాస్త దూరం పోయాక మరొకడు. ఏడుపులో కలిసిపోయేంత చిన్న గొంతులు. కానీ ఆమె విన్నది. తిరుగుదారిలో షెడ్డు దగ్గర ఎవరూ ఎవరినీ పిలవకుండానే సమావేశం జరిగింది. కార్యదర్శి మళ్లీ వినతిపత్రం ఎత్తాడు. డ్రైవరు అతని నోట్లో ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టి, కాసేపు చప్పరించు బాబూ అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఊరికి ఆపద రాకూడదని ఒక బండినీ దాని సిబ్బందినీ గేటు దగ్గర సిద్ధంగా నిలిపారు. మిగతా దళం టవరు ముందు వరుస కట్టింది. ఎవరి ముఖానా మాస్కు లేదు. అధికారి మాస్కులు పెట్టుకోమన్నాడు. ఎవరూ కదల్లేదు. వరుస పక్కన నిలబడ్డ ఏనుగు భార్యను చూసి, ఈమె ఎందుకొచ్చిందన్నాడు. చివరికి, కానివ్వండి అని విజిల్ ఊదాడు.

ఎక్కడం మొదలైంది. పరుగు లేదు. ప్రతివాడూ తన హెల్మెట్‌తో, తన ఊపిరి ఎంతవరకు తీసుకుపోతే అంతవరకు పోయి, అక్కడే కూర్చున్నాడు. ఒకడు రెండో మలుపులో. ఒకడు మొదటి మలుపు చేరకుండానే. పైదాకా చేరినవాళ్లు చేతివేళ్లతో లెక్కపెట్టేంతమంది. కింది నుంచి చూస్తే టవరు మెట్ల నిండా కూర్చున్న మనుషులు. ఇన్నేళ్లుగా ఒక్కరూ ఆగని మెట్లవి.

"రాసుకోండి సార్," అన్నాడు డ్రైవరు, రొప్పుతూ. "ఈ ఏడు నా మెట్లు నేనే ఎక్కాను."

"ఇది క్రమశిక్షణారాహిత్యం. అందరినీ సస్పెండ్ చేస్తాను."

"చెయ్యండి. ఆ కాగితంలో ఎందుకు ఆగామో కూడా రాయండి. పై మండలికి అదే చూపించుకుంటాం."

నిచ్చెన మాత్రం టవరు ఎక్కలేదు. వరుసలో ఒక్కడే మిగిలి ఉన్నాడు. చేతిలో ఏనుగు హెల్మెట్ ఉంది. "దీన్ని రెండేళ్లు నేను ఎక్కించాను," అన్నాడు అధికారితో. "ఎక్కినవాడు నేను, చచ్చిపోయినవాడు ఆయన. ముందు నన్ను పట్టించండి. ఆ తర్వాత మా వదినకు జవాబు చెప్పండి."

అధికారి ఫోను తీశాడు. కాసేపట్లో గేటు బయట పోలీసు వ్యాను ఆగిన చప్పుడైంది. మెట్ల మీదివాళ్లు లేవలేదు.

ఆమె నిచ్చెన చేతిలోంచి హెల్మెట్ అందుకుంది. లోపల పట్టీకి ఇంకా చెమట మరక ఉంది. టవరు దగ్గరికి వెళ్లి ఒకటి, రెండు, మూడు మెట్లెక్కి, నాలుగో మెట్టు మీద దాన్ని పెట్టింది. ఈసారి అటు తిరగలేదు. కిందికి దిగి, దాని ఎదురుగానే నిలబడి చూసింది.

"తీసెయ్యండి దాన్ని," అన్నాడు అధికారి.

ఎవరూ తీయలేదు. పైన కూర్చున్నవాళ్లను తానే దింపుదామని అతను మెట్ల దగ్గరికి వచ్చాడు. ఇరుకు మెట్లు. పైకి పోవాలంటే ఆ హెల్మెట్‌ను దాటిపోవాలి. మెట్ల నిండా మనుషులు కిందికి చూస్తున్నారు. నాలుగో మెట్టు దగ్గర అధికారి కాలెత్తాడు.

మళ్లీ మూడో మెట్టు మీదే దించేశాడు.