మక్సూద్ నుదుటి పొక్కులు

బతూల్ తన కిడ్నీ ఒకటి తమ్ముడు మక్సూద్‌కు ఇచ్చి ఏడాది దాటింది. అమీర్‌పేటలో సోఫాలకు గుడ్డ తొడిగే పనికి అతను మళ్లీ పోతున్నాడు. అక్క కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ మందులు మింగాలి. వాటికి ముఖం ఉబ్బి గుండ్రమైంది తప్ప మనిషి బాగానే ఉన్నాడు.

ఎండాకాలం చివర్లో అతని నుదుటి మీద పొక్కులు లేచాయి. నొప్పి లేదు, దురద లేదు; ఒక్కోదాని నడుమ చిన్న గుంట. వీధి డాక్టరు మందులవల్ల వచ్చిన మొటిమలేనని పూత రాసిచ్చాడు. పూత అయిపోయింది గానీ పొక్కులు పోలేదు. పైగా సాయంత్రమైతే తల నొస్తోందని మక్సూద్ పని వదిలి వచ్చి పడుకోసాగాడు.  అతను వద్దంటున్నా వినకుండా బతూల్ పంజగుట్టలో పెద్దాసుపత్రికి, చర్మం డాక్టరమ్మ కృపామణి దగ్గరికి తీసుకుపోయింది.

తలనొప్పి సంగతి వినగానే కృపామణి రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. ఒక పొక్కును గీకి, గాజుపలక మీద నల్లసిరా చుక్కలో కలిపి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. తర్వాత బతూల్‌నూ చూడమంది. నల్లటి సిరాలో గుండ్రటి గింజలు, ఒక్కో గింజ చుట్టూ తెల్లటి వలయం.

ఇవి మొటిమలు కావనీ, ఇదొక రకం బూజనీ, పావురాల రెట్ట కలిసిన దుమ్ములో ఉంటుందనీ, అందరూ పీల్చేదేననీ ఆమె చెప్పింది. మందులు ఒంటి కాపలాను నిద్రపుచ్చితే అది లోపల పాతుకుని చర్మం మీద ఇలా తేలుతుందట. వెన్నులోంచి నీరు తీసి చూస్తే అందులోనూ అదే ఉంది. మెదడు పొరలకు పాకింది.

"మందుంది. వారాల తరబడి నరంలోకి ఎక్కించాలి. ప్రాణం నిలుస్తుందని నా ఆశ," అంది కృపామణి. "కానీ ఆ మందు కిడ్నీని దెబ్బతీస్తుందమ్మా. మీరిచ్చింది దక్కుతుందని చెప్పలేను."

మక్సూద్ గోడవైపు తిరిగాడు. "నాకొద్దు. ఆపా ఒళ్లు కోయించుకొని ఇచ్చింది. నేను పాడుచేసుకుంటనా?"

బతూల్ మంచం అంచున కూర్చుంది. "నువ్వు బతకాలని ఇచ్చిన్రా, దాన్ని దాచిపెట్టుమని కాదు. అది పోతే పోనీ. నువ్వు పోతే నాకెవ్వరున్నరు?"

అతను సూదికి చెయ్యి చాపాడు.

మందు ఎక్కినప్పుడల్లా చలిజ్వరంతో మంచం ఊగిపోయేది. బతూల్ దుప్పటి మీద దుప్పటి కప్పి కాళ్లు అదిమి పట్టుకునేది. మెల్లగా తలనొప్పి తగ్గింది, పొక్కులు ఎండి రాలాయి, వెన్నునీటిలో బూజు కనిపించకుండా పోయింది. ఇంతలోనే మూత్రం తగ్గసాగింది. డాక్టర్లు మోతాదులు ఎంత సర్దినా కిడ్నీని నిలబెట్టలేకపోయారు.

ఆ మాట చెప్పడానికి కృపామణి తానే వచ్చింది. బతూల్ తలూపి వరండాలోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆపరేషను నాడు కూడా ఆమె ఏడవలేదు. ఏడుపు ఆగేదాకా కృపామణి పక్కనే నిలబడింది.

ఇక మక్సూద్ రక్తాన్ని మిషనే శుభ్రం చేయాలి. మొదటిసారి దాని దగ్గరినుంచి లేచి వస్తూ ఆటోలో అతను అక్క ముఖం చూడలేక రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఆపా, నామీద కోపమున్నదా?"

"ఆకలున్నది," అంది బతూల్. "నువ్వు సుత పొద్దుగాల్నుంచి ఏం తినలే."

ఇరానీ హోటల్ కనబడగానే ఆటో ఆపమంది.