కడిగి తెచ్చిన రంపం

ఆసిఫ్ పాతికేళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నాడు. కడిగిన రంపం మిషను అతని బల్ల మీదికి రావడం అదే మొదటిసారి. చెట్లు కోసే మిషనంటే పొట్టూ ఆయిలూ కలిసి ముద్దకట్టి ఉంటుంది. దీనికి ఒక్క రవ్వ లేదు. చైను సందుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"షట్టరు సగం దించు," అన్నాడు వీర్రాజు.

మధ్యాహ్నం రెండైంది. తాడేపల్లిగూడెంలో కరెంటు పోయి గంట దాటింది. షట్టరు దించితే ఆ రేకుల కింద ఊపిరాడదు. ఆసిఫ్ దించలేదు.

వీర్రాజు కాంట్రాక్టరు. గణపవరం నుంచి కొల్లేరు దాకా సుబాబుల్, సరుగుడు తోటలు కోయిస్తాడు. తొమ్మిది మిషన్లున్నాయి. తొమ్మిదీ ఆసిఫ్ దగ్గరికే వస్తాయి. షాపు అద్దె, ఇంట్లో బియ్యం వాటి మీదే.

"ఇది ఏలీయా మిషను కదండీ?"

"నా మిషను. ఏలీయా కూలోడు."

నాలుగు రోజుల కిందట ఆ మిషను ఎగిరి ఏలీయా ఎడమ భుజం మీద పడింది. ఎముక దాకా దిగింది. ఏలూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. చెయ్యి ఉంటుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

"రేపు పదింటికి లేబరాఫీసరు వచ్చి మిషను చూస్తాడంట. బ్రేకుండాలి," అన్నాడు వీర్రాజు. జేబులోంచి ఒక పట్టీ తీసి బల్ల మీద పడేశాడు. గుండ్రంగా వంచిన సన్నటి ఇనప పట్టీ. వాడినది. "కొత్తది వేస్తే కనిపెట్టేస్తారు. అందుకే పాతది తెచ్చేను."

రంపం మొన కర్రకి తగిలి మిషను మనిషి మీదికి లేస్తే, ముందున్న పిడి ముంజేతికి తగులుతుంది. లోపల పట్టీ బిగుసుకుంటుంది. చైను రెప్పపాటులో ఆగుతుంది. పట్టీ లేనప్పుడు ఆ పిడి ఉత్త అలంకారం. ఏలీయా మిషనులో పట్టీ లేదు. తీసింది ఆసిఫే.

కిందటి సెప్టెంబరులో పట్టీ విరిగి చైనుకి అడ్డం పడింది. కొత్తది తొమ్మిది వందల యాభై, విజయవాడ నుంచి రావడానికి మూడు రోజులు. వీర్రాజుకి ఫోన్ చేస్తే, "అది లేకపోతే మిషను తిరగదా?" అన్నాడు. తిరుగుతుందండీ అన్నాడు ఆసిఫ్. "మరింకేం. తీసి పడెయ్." స్టూలు మీద కూర్చున్న ఏలీయా కూడా తీసేయమన్నాడు. కోతకి టన్ను లెక్కన కూలి. మూడు రోజులు కూర్చుంటే ముఠాలో నలుగురికీ పస్తు. ఆసిఫ్ తీసేసి నూట యాభై తీసుకున్నాడు. ఆ ఏడాది అలా తీసినవి అతను ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు. ఊళ్ళో అన్ని షాపుల్లోనూ తీస్తారు.

ఇప్పుడు పక్క మూత విప్పాడు. పట్టీ రాసుకునే డ్రమ్ము అద్దంలా మెరవాలి. ఇది నల్లగా జిగురుపట్టి ఉంది.

"దీన్ని చూస్తే తెలిసిపోతుందండీ. ఎనిమిది నెలలుగా పట్టీ లేదని."

"ఎమెరీ కాయితం లేదా నీ దగ్గర?"

ఉంది. ఆసిఫ్ రుద్దాడు. నలుపు వదిలి ఇనుము తేలింది. పట్టీ అమర్చి, స్ప్రింగు తగిలిస్తూ అడిగాడు.

"ఈ పట్టీ ఎక్కడిదండీ?"

"హేమంత్‌కుమార్ మిషనుది. పొద్దున ఊడదీయించేను."

"మరి హేమంత్‌కుమారు?"

"చేపల చెరువు గట్టు మీద కోత్తన్నాడు. ఎందుకు నీకు?"

ఆసిఫ్ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. మూత బిగించాడు.

అప్పుడే గుమ్మంలోకి ఒక ఆడమనిషి వచ్చింది. చేతిలో ఆసుపత్రి సంచి, దాని మీద బస్సు టిక్కెట్టు నలిపి పట్టుకుని ఉంది. నాలుగు రోజులుగా దువ్వని తల.

"ఆసిఫ్ గారంటే మీరేనాండీ? ఏలీయా గారి భార్యనండీ, విజయకుమారిని. మీ దగ్గరికెళ్ళి బ్రేకు సంగతి అడగమన్నారండీ ఆయన." అప్పుడు వీర్రాజుని చూసింది. బల్ల మీద మిషనునీ చూసింది. "ఓహో. మీరూ ఇక్కడే ఉన్నారాండీ. ఆసుపత్రికి దారి తెలీలేదేమో అనుకున్నాను."

"వచ్చేవా? మంచిదైంది. నువ్వే చూద్దువుగాని. ఆసిఫూ, స్టార్ట్ చెయ్యి."

ఆసిఫ్ తాడు లాగాడు. మూడో లాగుడికి అందుకుంది. షాపంతా మోత. చైను కంటికి కనపడనంత వేగంగా తిరుగుతోంది. విజయకుమారి వెనక్కి అడుగు వేసి భుజం పట్టుకుంది, తన భుజమే. ఆసిఫ్ ముంజేత్తో పిడిని తోశాడు. టక్కున చైను ఆగిపోయింది. ఇంజను మాత్రం అరుస్తోంది.

ఆసిఫ్ ఇంజను కట్టేశాడు.

"చూసేవా? నిక్షేపంలా ఉంది బ్రేకు. మీ ఆయన తాగి పట్టుకున్నాడు. అదీ సంగతి."

"మా ఆయన తాగడండీ. తాగొచ్చేవోడైతే ఇంత మిషను చేతికెలా ఇచ్చేరండీ మీరు?" అంది. ఇక వీర్రాజు వంక చూడలేదు. "ఏవండీ, ఆ రోజు కూడా ఇలాగే ఆగాలి కదండీ?"

ఆసిఫ్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఆ రోజు ఇది లేదమ్మా. సెప్టెంబరులో నేనే తీసేను. ఏలీయా కూడా తీసేయమన్నాడు."

"అనకేం చేత్తాడండీ? మూడ్రోజులు కూచుంటే మీరు పెడతారా, ఈయన పెడతాడా?" ఆమె గొంతు పెరగలేదు. "ఇప్పుడు పెట్టడానికి ఎంతసేపు పట్టిందండీ?"

"ఇరవై నిమిషాలు."

ఆమె తల ఊపింది, కూరల ధర విన్నట్టు.

"ఏంటయ్యా ఈ వాగుడు?" వీర్రాజు ముందుకొచ్చాడు. "మిషనియ్యి. కారులో పెట్టు."

ఆసిఫ్ పానా తీసుకున్నాడు. బిగించిన నట్లు రెండూ విప్పాడు. మూత తీసి, స్ప్రింగు ఊడదీసి, పట్టీని బయటికి లాగాడు. వీర్రాజు ముందు పెట్టాడు.

"ఇది హేమంత్‌కుమారుది. పొద్దుపోకముందే అతని మిషనుకి వేయించండి. పట్టుకొస్తే నేనే వేస్తాను, కూలి వద్దు. ఈ మిషనుకి మాత్రం వెయ్యను."

"నీకు మతిగాని పోయిందా? గణపవరం నుంచి ఇంకొక్క మిషను రాదు నీ షాపుకి. నీ పెళ్ళాం బిడ్డలు ఈ పానాలు తింటారా?"

ఆసిఫ్ బిల్లు పుస్తకం తీసి, కుదురుగా రాసి, చింపి విజయకుమారికిచ్చాడు. పెన్ను బల్ల మీద పెట్టాడు.

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కో మాటే చదివింది. వీర్రాజు ఆమె భుజం మీంచి తనూ చదివి, నవ్వాడు.

"తీసుకెళ్ళు, తీసుకెళ్ళు. తప్పు మెకానిక్కుదని వాడే రాసిచ్చేడు. నాకేం పోయింది?"

ఆమె కాయితాన్ని మడవలేదు. బల్ల మీద, ఆసిఫ్ ముందు పెట్టింది.

"మీరు తీసేరని ఉందండీ. తియ్యమన్నదెవరో లేదు."

వీర్రాజు నవ్వు ఆగిపోయింది. అతని అరచెయ్యి బల్ల మీద పడింది, పెన్ను మీదే.

"రాయి చూద్దాం. ఆ పేరు రాసి, రేపు షట్టరెత్తు."

బయట రోడ్డు మీద వడ్ల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. ఆసిఫ్ ఆ చేతి వంకే చూశాడు. మూడు ఉంగరాలు. గోళ్ళలో ఎక్కడా నలుపు లేదు.

"కొంచెం చెయ్యి జరపండి, వీర్రాజు గారూ," అన్నాడు.