సెటిల్‌మెంట్ల బాజీ

మన బెజవాడలో సెటిల్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కుర్రవాడికి కదలని ఉద్యోగం, తలదాచుకోను ఒక ఇల్లు అమరితే సెటిలయ్యాడంటారు. కారు తలుపులు దబాదబా వేసుకుంటూ దిగి, ఎవరివో స్థలాల తగాదాల్లో తలదూర్చి, ఇద్దరిలో ఒకరి నోరు మూయించి వెళ్ళేవాణ్ణి సెటిల్‌మెంట్లు చేస్తాడంటారు. మొదటి రకానికి పిల్లనిస్తారు. రెండో రకం ఎదురైతే పక్కకు తప్పుకుంటారు. బాజీ ఈ రెంటిలో ఏ రకమూ కాదు. పాపం, అతనికొచ్చిన చిక్కంతా అదే.

బాజీ బీటెక్ చదివాడు. చదివింది కంప్యూటర్లు, చేసేది బండ్ల ఇన్సూరెన్సు క్లెయిములు చూడటం. ఏ లారీ అయినా దేన్నో గుద్దుకుని ఆటోనగర్ షెడ్డుకు చేరితే బాజీ వెళ్ళి ఫొటోలు తీస్తాడు. ఓనరు బండి మొత్తం కొత్తది చేసిమ్మంటాడు. కంపెనీ అసలు దెబ్బే తగల్లేదంటుంది. షెడ్డువాళ్ళు ఏదో ఒకటి తేల్చి ముందు బండి తియ్యమంటారు. బాజీ అందర్నీ కూర్చోబెట్టి, టీలు తాగించి, ఒక మాట మీదికి తెస్తాడు. ఆ పనికి ఆఫీసులో క్లెయిమ్ సెటిల్‌మెంట్ అని పేరు. ఆటోనగర్‌కు అంత పొడుగు మాటలు నోరు తిరగవు. అక్కడ అతను సెటిల్‌మెంట్ల బాజీ.

అందరి గొడవలూ సెటిల్ చేసే ఈ మహానుభావుడు తను మాత్రం సెటిల్ కాలేదు. ఉద్యోగం కాంట్రాక్టుది. ఏటా మార్చిలో పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈసారి పొడిగించడం అనుమానమేనని మేనేజరు గారు ముందే నసిగాడు. ఇకమీదట ఓనరే ఫోన్లో ఫొటోలు పంపితే కంప్యూటరే చూసి తేల్చేస్తుందట. తను చదివిన చదువే తన ఉద్యోగానికి ఎసరు పెడుతుంటే ఎవరిని తిట్టుకోవాలో బాజీకి తెలియలేదు.

ఈలోగా లోకం ఊరుకుంటుందా? ఇంటికొచ్చిన చుట్టాలు అడిగారు. మంగలి షాపులో పక్క కుర్చీ పెద్దమనిషి అడిగాడు. ఆఖరికి పన్ను పీకిన డాక్టరు కూడా, నోట్లో దూది పెట్టి మరీ, "సెటిలయ్యావా బాబూ?" అని అడిగాడు. బాజీకి ఒళ్ళు మండిపోయేది. సెటిలవడానికి తనేమన్నా కాఫీ గ్లాసు అడుగు మడ్డా? వాళ్ళ నాన్న మీసాలు రాకముందే వెల్డింగు షెడ్డులో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. సెటిలయ్యానా లేదా అని ఆయన ఒక్కసారైనా అనుకున్నట్టు లేడు. అనుకునే తీరిక ఎవరిచ్చారు?

ఈ గందరగోళంలో అతనికి ఉన్న ఒక్క స్పష్టమైన సంగతి ఆస్రా. ఆమె మైలవరం పిల్ల. గుణదలలో హాస్టల్లో ఉంటూ ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేస్తోంది. రామవరప్పాడు రింగు దగ్గర ఆమె స్కూటీని ఆటో గుద్దినప్పుడు ఆ క్లెయిము చూసింది బాజీయే. స్కూటీ వారంలో బాగుపడింది. బాజీ ఇంతవరకూ బాగుపడలేదు. ఆమెతో తప్ప ఇంకెవరితోనూ బతకలేనని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు. తెలియాల్సింది ఆమె తండ్రి జాహిద్ గారికి.

జాహిద్ గారిది మామిడికాయల వ్యాపారం. కాయను చేత్తో పట్టుకోకుండానే ఎన్నాళ్ళకు పండుతుందో చెబుతాడు. మనుషుల దగ్గరా ఆ నేర్పు తనకుందని ఆయన నమ్మకం. వేసవి దాటేలోగా గుంటూరు సంబంధం ఒకటి ఖాయం చేసేస్తానని కూతురికి చెప్పేశాడు. ఆస్రా భయపడి బాజీ పేరు బయటపెట్టింది. "ఏం చేస్తాడు?" అన్నాడాయన. "సెటిల్‌మెంట్స్‌లో చేస్తాడు నాన్నా," అంది ఆ పిల్ల, ఉన్న మాటే.

పిల్లనిచ్చే ముందు కుర్రవాడి వీధిలోకి చెప్పకుండా వెళ్ళి, టీ కొట్టు దగ్గర పరాయివాడిలా నిలబడి వాకబు చేయడం మనవాళ్ళ అలవాటు. జాహిద్ గారు సరిగ్గా ఆ పనే చేశాడు. ఆటోనగర్లో తెరేసమ్మ టీ కొట్టు ముందు నిలబడి, ఇక్కడ బాజీ అని ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆ సంగతి మర్నాడు తెరేసమ్మే బాజీకి టీ అందిస్తూ చెప్పింది.

"నిన్నెవరో పెద్దాయన నీ గురించి అడిగాడయ్యా. పెళ్ళి సంబంధమేమోనని బాగానే చెప్పాన్లే."

"ఏం చెప్పావమ్మా?"

"ఉన్నదే చెప్పా. సెటిల్‌మెంట్ల బాజీ అంటే ఆటోనగర్లో తెలీనోడు లేడండీ, ఆయన వచ్చి ఊఁ అనందే ఏ షెడ్డోడూ బండి మీద చెయ్యెయ్యడండీ, మొన్న ఇద్దరు ఓనర్లు కొట్టుకోబోతుంటే ఈయనొచ్చి కూచున్నాడు, దెబ్బకి ఇద్దరూ సైలెంటండీ అని చెప్పా. చాలా?"

ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా మొత్తం కలిపి వింటే బాజీకే తన మీద భయం వేసింది.

ఇక అయిపోయిందనుకుని ఆస్రాకు ఫోన్ చేశాడు. ఆమె గొంతులో ఏడుపు లేదు, సంతోషమే ఉంది.

"నాన్న ఒప్పుకున్నాడు బాజీ! ఆదివారం నిన్ను మైలవరం రమ్మన్నాడు."

"ఒప్పుకోవడమేంటి? నన్ను రౌడీ అనుకుంటున్నాడు కదా!"

"అనుకోనీ. కాంట్రాక్టు ఉద్యోగాల వాళ్ళయితే వద్దని ముందే అన్నాడు. నీ సంగతి విన్నాక ఏమన్నాడో తెలుసా? ఈ రోజుల్లో ఉద్యోగాలు ఇవాళుంటే రేపుండవు, గొడవలు ఎక్కడికి పోతాయమ్మా, కుర్రాడు సెటిలైనట్టే అన్నాడు."

"నేను నిజం చెప్పేస్తా."

"చెప్పి? నన్ను గుంటూరు పంపించు. పెళ్ళయ్యేదాకా నోరు మూసుకోలేవా? నా కోసం అబద్ధమాడమనట్లేదు. ఊరికే ఉండమంటున్నా, అంతే."

ఊరికే ఉండటం తేలికేననుకున్నాడు బాజీ. ఇప్పటిదాకా చేసింది అదేగా.

ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని మైలవరం బస్సెక్కాడు. పెద్దమనిషిలా కనబడాలని వేసుకున్నాడు. బస్సు కొండపల్లి దాటాక కిటికీ అద్దంలో చూసుకుంటే, తెల్ల చొక్కాలో అచ్చం సెటిల్‌మెంటుకు వెళ్తున్నవాడిలాగే ఉన్నాడు. గాల్లో మామిడి పూత వాసన వస్తోంది.

బస్టాండు దగ్గరే జాహిద్ గారు ఎదురొచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు. కానీ ఇంటికి తీసుకెళ్ళలేదు.

"ముందు చిన్న పనుంది బాబూ. నీకిదో లెక్క కాదు. నా కొట్టొకటి ఒక కుర్రాడికి అద్దెకిచ్చా. గడువైపోయింది, కాయలొచ్చేలోగా నాకది గోడౌనుకు కావాలి, ఖాళీ చెయ్యరా అంటే ఇదిగో అదిగో అంటన్నాడు. నువ్వొచ్చి ఊరికే కూచో. అంతే."

ఊరికే ఉండమని ఆస్రా అంది. ఊరికే కూర్చోమని ఈయన అంటున్నాడు. తను ఏమీ చేయకుండా ఉంటే చాలని ఇంతమంది కోరుకోవడం బాజీ బతుకులో ఇదే మొదటిసారి.

కొట్టు చిన్నది. జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, గోడ నిండా ఉద్యోగాల నోటిఫికేషన్లు. కొట్టు నడిపే కుర్రవాడి పేరు బాబీ. బాజీ కంటే రెండు మూడేళ్ళు చిన్నవాడై ఉంటాడు. ఊళ్ళోవాళ్ళ పరీక్షలన్నిటికీ ఆన్‌లైన్లో అప్లికేషన్లు పెడతాడు, అవే పరీక్షలు తనూ రాస్తాడు. తెల్ల చొక్కాను చూడగానే లేచి నిలబడి కుర్చీ తుడిచాడు.

"ఈయన బెజవాడ నుంచొచ్చారు. ఆటోనగర్ సెటిల్‌మెంట్లన్నీ ఈయనయ్యే," అన్నాడు జాహిద్ గారు.

బాజీ కూర్చున్నాడు. ఏమనాలి? కాదంటే ఆస్రా పోతుంది. అవునంటే ఈ కుర్రవాడి కొట్టు పోతుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. లోపల అతనికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. బయటికి అదెలా కనబడుతోందో అతనికేం తెలుసు?

"అన్నా," అన్నాడు బాబీ నెమ్మదిగా. "ఇప్పుడిప్పుడే నలుగురూ వస్తన్నారన్నా. జూన్లో కాలేజీలు తెరిచేదాకా ఆగండి. ఈలోగా ఏదో ఒక పరీక్ష తగిలిందా, సెటిలైపోతా. అప్పుడు నేనే తాళం ఇచ్చేస్తా."

బాజీ తలెత్తి అతని వంక చూశాడు. 'సెటిలైపోతా' అన్న మాట విని జాలితో చూశాడు. బాబీకి ఆ చూపులో జాలి కనబడలేదు. సొరుగు తీసి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"వద్దన్నా, గొడవలొద్దు. మా అమ్మ భయపడుద్ది. సాయంత్రానికి సామాను తీసేస్తా."

జాహిద్ గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఒక్క మాట కూడా అనలేదు!" అని గోడలకు చెప్పుకున్నాడు. తాళంచెవి తీసి బాజీ చేతిలో పెట్టి నొక్కాడు. కూతుర్ని ఇచ్చేశాననడానికి అంతకంటే గుర్తేం కావాలి?

బాబీ గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి, వెనక్కి తిరిగి, మర్యాదగా అడిగాడు.

"అన్నా, ఏమనుకోకండి. మీరెట్టా సెటిలయ్యారన్నా? నేనూ బీటెక్కే. మీ కింద ఏదన్నా పనుంటే చూడండన్నా. ఏదైనా చేస్తా."

బాజీకి సిగ్గేసింది. పంటి డాక్టరు ముందు వెయ్యలేదు, చుట్టాల ముందు వెయ్యలేదు. ఇప్పుడు ఒళ్ళంతా సిగ్గుతో మండింది.

"నేను సెటిల్ కాలేదు తమ్ముడూ," అన్నాడు. "నాదీ బీటెక్కే. గుద్దుకున్న బండ్ల క్లెయిములు సెటిల్ చేస్తా. కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి తర్వాత అదీ ఉంటదో ఊడుద్దో తెలీదు. నేనెవర్నీ ఏమీ చెయ్యలేను."

బాబీ అతని ముఖం చూశాడు, తెల్ల చొక్కా చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి, అతని చేతిలోని తాళంచెవి మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"అయితే ఇటివ్వన్నా," అని తీసుకుని సొరుగులో వేసి, ఊడదీసిన కాగితాలు మళ్ళీ అంటించడం మొదలుపెట్టాడు.

జాహిద్ గారు బయటికి నడిచాడు. బాజీ వెంట నడిచాడు. అంతా పోయిందని అతనికి తెలుసు. ఆస్రాకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో మాత్రం తెలియలేదు. వీధి మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఆస్రా వద్దందండీ."

ఆయన రోడ్డు మీద పోయే ట్రాక్టర్ల వైపు తిరిగాడు. కాయను చూసి చెప్పగల మనిషి, కూతుర్నీ చూడలేకపోయాడు, అల్లుణ్ణీ చూడలేకపోయాడు. ఎవరి మీద కోప్పడాలో ఆయనకూ తేలినట్టు లేదు.

"కిందటి వేసవిలో నా కాయల బండి తిరువూరు దగ్గర పడిపోయింది," అన్నాడు ఉన్నట్టుండి. "క్లెయిము ఇంతవరకూ రాలా. అడిగితే ఒకడి మీద ఒకడు చెబుతున్నారు. అది నువ్వు చెయ్యగలవా?"

"చెయ్యగలనండీ."

"చేస్తే సెటిలవుద్దా?"

"క్లెయిము సెటిలవుద్దండీ. నేను కాదు."

జాహిద్ గారు అతని వంక పరీక్షగా చూశాడు. "కాగితాలు ఇంట్లో ఉన్నాయి. రా," అని ముందుకు నడిచాడు.

బాజీ వెనకే వెళ్ళాడు. ఏ లెక్కన వెళ్తున్నాడో అతనికి తెలియదు. అల్లుడిగానా, క్లెయిముల గుమాస్తాగానా? అడిగితే రెండూ కాకుండా పోతానేమోనని అడగలేదు.

ఇంటి ముందు చెప్పులు విడిచే చోట జాహిద్ గారి భార్య నఫీసా ఎదురొచ్చింది. కొంగు సర్దుకుని, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"సెటిలైందా అండీ?"

"ఏది?" అన్నాడు జాహిద్ గారు.

"ఏదో ఒకటి."

ఆయన కాళ్ళు కడుక్కున్నాడు. బాజీ గుమ్మంలోనే, ఒక చెప్పు విడిచి, ఒక చెప్పుతో నిలబడ్డాడు.

"ఏదీ కాలేదు," అన్నాడాయన. "ఇంకో కంచం పెట్టు."