మామయ్య ఇచ్చేసిన పేరు

వర్దియా మూడో బిడ్డ పాలు సరిగ్గా తాగడం లేదు. ఏడో రోజు పేరు పెట్టాలి. ఇంట్లో పేరే మిగల్లేదు.

వర్దియా నా తోటికోడలు. ఆమె మొదటి కొడుక్కి మసీదు షేక్ గారు యహ్యా అని పెట్టారు. అరబ్బీలో బతికేవాడని అర్థం. వాడు తొలి చలికాలం దాటలేదు. రెండోవాడికి అయ్యాష్ అన్నారు. అదీ బతుకే, వేరే మాటలో. వాడూ దక్కలేదు. మా కొండల్లో మాట్లాడే కబైలీ భాషలో అదే అర్థానికి యిదిర్ అనే పేరుంది. అరబ్బీ నుంచి వచ్చింది కాదు. బిడ్డలు నిలవని ఇళ్ళలో పెట్టుకుంటారు. తిజి ఉజు పట్నం కాలేజీలో మా మాస్టారు దాన్ని ఎవరో పాత రాజుకు ముడిపెట్టేవారు. మా అత్తగారి లెక్కలో అది పేరు కాదు, మొక్కు.

కానీ అది మామయ్య పేరు. ఆయనకు ముందు పుట్టినవాళ్ళెవరూ మిగలకపోతే ఆయనకు పెట్టారు. బతికున్న మనిషి పేరు అదే ఇంట్లో పసివాడికి పెడితే, పెద్దాయన్ని ఇక పొమ్మన్నట్టే. మా ఊళ్ళో ఎవరూ అలా చెయ్యరు.

ఏడో రోజు పొద్దున కుస్కుస్ రవ్వ ఆవిరికి పెడుతుంటే పక్కింటి మల్హా వచ్చి కూర్చుంది.

"టర్కీ సీరియల్లో యషార్ అని ఒకడున్నాడు. అదీ బతకడమేనట. పెట్టెయ్యండి."

"వాడు పెళ్ళికి ముందే చచ్చాడు కదే," అంది అత్తగారు. "చూసేటప్పుడు నిద్రపోయావా?"

మేం నవ్వాం. వర్దియా నవ్వలేదు. బిడ్డను ఒళ్ళో సర్దుకుంటూ, "నాకు మామయ్య పేరు కావాలి," అంది.

అత్తగారి చేతిలో గరిట ఆగిపోయింది. "నోరు పడిపోను! ఆయన ఇంకా చెట్టెక్కి అంజూరాలు కోస్తున్నాడే!"

"అత్తా, వీడు పోతున్నాడు. నాకు కనపడుతోంది."

గుమ్మంలో మామయ్య దగ్గాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"ఏమే ముసలీ, నా సొత్తు నన్నడక్కుండా పంచేస్తున్నారా?"

ఆయన వంగి పసివాడి పాదం వేలితో తాకాడు.

"ఆ పేరు నన్ను ఇంతదాకా మోసింది. వీణ్ణి మొయ్యనీ. ఇవాళ్టి నుంచి నన్నెవరూ అలా పిలవకండి."

"మరి ఊళ్ళోవాళ్ళు ఏమని పిలవాలి?" అంది అత్తగారు.

"నువ్వు పిలిచినట్టే. ఓయ్ అని."

సాయంత్రం మగవాళ్ళు కూర్చునే అరుగుల దగ్గరికి వెళ్ళి ఆయనే అందరికీ చెప్పి వచ్చాడు. మర్నాడు బిడ్డ గట్టిగా పాలు తాగాడు. మొక్కు ఫలించిందని అత్తగారు గుమ్మానికి నూనె రాసింది. ఆ రాత్రే జ్వరం వచ్చింది. మా మరిది, వర్దియా మొగుడు, బిడ్డను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, తన కోటులో చుట్టి వెనక్కి తెచ్చాడు. పాతిపెట్టే చోట షేక్ గారు పేరు అడిగితే మామయ్యే చెప్పాడట.

కొన్నాళ్ళకు అత్తగారు కాఫీ పోస్తూ అంది: "ఇదిగో, ఇక నీ పేరు నువ్వు తీసుకో."

"ఎక్కణ్ణుంచి తీసుకోను? మట్టిలో చెయ్యి పెట్టనా?"

ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం నేనూ వర్దియా పిండి కలుపుతున్నాం. మామయ్య ఈడువాడు బెలైద్, దూరాన బెజాయా పట్నంలో కూతురి ఇంటి నుంచి ఆ పూటే ఊరికి వచ్చాడు. ఆయనకు ఏమీ తెలియదు. వీధిలోంచే కేకేశాడు.

"యిదిర్! ఒరేయ్ యిదిర్! ఎక్కడ చచ్చావురా?"

లోపలి గదిలో మామయ్య మంచం మీదే ఉన్నాడు. పలకలేదు.

వర్దియా చేతులు పిండిలో ఆగిపోయాయి. గౌను ముందు భాగం మెల్లగా తడిసింది. పాలు. ఆమె దాన్ని చూసుకుంది. తుడుచుకోలేదు.

బెలైద్ ఇంకోసారి పిలిచాడు.